చక్రాల ఇంటికి చక్రాల తోక

అరవై ఐదేళ్ళు నిండి, ఇంటి అప్పు తీరి, పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పోయాక అమెరికావాడికి ఒక రకం వైరాగ్యం పుడుతుంది. ఉన్న ఇల్లు సంకెళ్ళలా కనిపిస్తుంది. గడ్డి కోయించాలి, పైకప్పు మార్చాలి, ఏటేటా పన్ను కట్టాలి. ఎందుకొచ్చిన జంఝాటం అనుకుని ఆ ఇల్లు అమ్మేసి, ఇంకో ఇల్లు కొంటాడు. తేడా అల్లా ఈ రెండోదానికి చక్రాలుంటాయి.

అయోవా రాష్ట్రంలో ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్ళో విన్నెబాగో కంపెనీ 1966లో ఈ మోటార్ హోమ్‌లను వరసపెట్టి తయారుచెయ్యడం మొదలుపెట్టింది. అప్పట్లో అది బొద్దుగా, పొట్టిగా, మర్యాదగా ఉండేది. ఇప్పుడు నలభై అడుగులు దాటింది. లోపల పెద్ద మంచం, తోలు సోఫా, రెండు మూడు టీవీలు, రాతి పలక పరిచిన వంటగట్టు, కొన్నిట్లో బట్టలుతికే మిషను కూడా. గాలన్‌కు ఏడెనిమిది మైళ్ళిస్తే డ్రైవింగు బాగుందని ఓనరు మురిసిపోతాడు. ఇంత కొంపను తోలడానికి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు చాలు. ఇదే కొలతల బస్సులో డబ్బిచ్చే ప్రయాణికుల్ని కూర్చోబెడితే వేరే లైసెన్సు, వేరే పరీక్ష, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. కట్టుకున్న పెళ్ళాన్ని కూర్చోబెడితే ఏమీ అక్కర్లేదు.

మొదటి సాయంత్రం స్వేచ్ఛ బ్రహ్మాండంగా ఉంటుంది. క్యాంపుగ్రౌండులో ఇల్లు ఆపి, జాకీలు దించి మట్టం సరిచేసి, బటన్ నొక్కి పక్కగోడలు బయటికి జరిపి, కరెంటు తీగ, మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం మూడూ తగిలించి, మడతకుర్చీలో కూర్చుంటాడు. మర్నాడు పొద్దున్నే పాలైపోతాయి. కొట్టు ఆరు మైళ్ళు. ఇప్పుడు పాల కోసం మురుగు గొట్టం విప్పాలి. అది మొదలు నిన్న చేసినదంతా వెనక్కి చేసుకుంటూ రావాలి. అల్మరాలు మూసి, కప్పులు దాచి, గోడలు లోపలికి లాక్కుని, నలభై అడుగుల భవంతిని లీటరున్నర పాల కోసం ఊళ్ళోకి తోలాలి. అక్కడ దాన్ని ఆపడానికి చోటుండదు.

అప్పుడవుతుంది జ్ఞానోదయం. ఈ ఇంటికి ఒక కారుండాలి. ఇంటినుంచి విముక్తి కోసం కొన్న ఇంటినుంచి అప్పుడప్పుడూ విముక్తి పొందడానికన్నమాట. ఆ కారు ఇంటి వెనకాలే రావాలి. ఎలా వస్తుంది? ఇక్కడ మొదలవుతుంది అసలు వేదాంతం.

జీవుడికీ బ్రహ్మానికీ ఉన్న సంబంధం ఏమిటన్న ప్రశ్నకు మన ఆచార్యులు మూడు సమాధానాలిచ్చారు. కారుకూ మోటార్ హోమ్‌కూ ఉన్న సంబంధం మీద అమెరికాలో కూడా సరిగ్గా మూడే ఉన్నాయి. కారు నాలుగు చక్రాలూ నేలమీదే ఉంచి, దాని ముక్కుకు ఇనుప కడ్డీ తగిలించి లాక్కుపోయేవాళ్ళు అద్వైతులు. కారూ ఇల్లూ ఒకటే అంటారు. ముందు చక్రాలు రెంటినీ డాలీ అనే చిన్న బండి మీదికెక్కించి, వెనక చక్రాలు రెండూ నేలమీద దొర్లించేవాళ్ళు విశిష్టాద్వైతులు. కారుకు కారునే ట్రైలర్ మీదికెక్కించి పట్టీలతో బిగించేవాళ్ళు ద్వైతులు. ఇల్లు వేరు, కారు వేరు, మధ్యలో ట్రైలర్ మరీ వేరు. ఆచార్యులకు లేని సదుపాయం వీళ్ళకొకటుంది. ఏ సిద్ధాంతం పట్టుకున్నా దానికి కావలసిన సామాను అమ్మే కొట్టు ఉంది.

చలికాలంలో అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ వైపు వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది ఈ మతాల తీవ్రత. వేలకొద్దీ మోటార్ హోమ్‌లు ఇసకలో దిగి ఉంటాయి. సాయంత్రం మంట వేసుకుని కూర్చున్న పెద్దమనుషులు పక్కవాడి భార్య పేరు మరిచిపోవచ్చు గాని, పక్కవాడు కారు ఎలా లాగుతాడో మరిచిపోరు. డాలీవాడు వెళ్ళిపోగానే కడ్డీవాళ్ళు జాలిపడతారు. ట్రైలర్‌వాడు అందర్నీ చూసి జాలిపడతాడు.

ఎక్కువమంది అద్వైతులే, కనక వాళ్ళ ఆచారం కాస్త వివరంగా చెప్పుకోవాలి. చూడ్డానికి ఇది చవక పద్ధతి. ఉన్న కారును ఉన్నట్టే లాక్కుపోవడమేగా అంటారు. లాక్కుపోవడానికి ముందు ఆ కారు ముందు బంపర్ ఊడదీసి, లోపల ఫ్రేముకు బేస్ ప్లేట్ అనే ఇనుప పట్టీ బిగించాలి. అది ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. ఈ కారుది ఆ కారుకు పనికిరాదు. దానికి టో బార్ తగిలించాలి. అది కూడా వీలైనంత మట్టంగా ఉండాలి, ఒక చివర రెండో చివరకంటే మూడు నాలుగు అంగుళాలకు మించి ఎక్కువ తక్కువలు ఉండకూడదు. కడ్డీ తెగితే పట్టుకోవడానికి రెండు ఇనుప తాళ్ళు. ఇంటి బ్రేకు లైటు వెలిగినప్పుడు కారు లైటు కూడా వెలగడానికి వైరింగు. ఇంటి వెనక టైర్లు ఎగరగొట్టే రాళ్ళు కారు అద్దానికి తగలకుండా ఒక తెర. బ్రేకుల సంగతి తరవాత చెబుతాను, అది వేరే ప్రకరణం. చవక పద్ధతి పూర్తయ్యేసరికి మూడు నాలుగు వేల డాలర్లకు తక్కువవదు.

ఇంత ఖర్చుపెట్టాక తెలుస్తుంది తన కారుకు ఆ యోగం లేదని. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనె తిప్పే పంపు ఇంజనుతోపాటు తిరుగుతుంది. ఇంజను ఆపి చక్రాలను మాత్రం నేలమీద దొర్లిస్తే, లోపల పళ్ళచక్రాలు తిరుగుతూనే ఉంటాయి, నూనె మాత్రం అందదు. మూడు రాష్ట్రాలు దాటేసరికి గేర్‌బాక్సు కాస్తా పాత ఇనుమైపోతుంది. ఏ కారును ఇలా లాగొచ్చో, ఏది లాగకూడదో కారుతో వచ్చే పుస్తకంలో ఒక పేజీ మీద స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ సంచి కూడా చింపకుండా, పదేళ్ళుగా తపస్సు చేసుకుంటూ ఉంటుంది. మన భక్తుడు ఆ అర ఒక్కటీ తెరవడు. మంట చుట్టూ కూర్చున్న ఇరవైమందినీ అడుగుతాడు. ఇరవైమందీ తలో సమాధానం చెబుతారు, ఒక్కడైనా తెలియదనడు.

అందుకని ఈ మతంలో కొన్ని కార్లకు దేవతాస్థానం. జీప్ రాంగ్లర్ వాటిలో మొదటిది. దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో పెడితే చక్రాలకూ గేర్‌బాక్సుకూ సంబంధం తెగిపోతుంది, ఎంతదూరమైనా లాక్కుపోవచ్చు. కొండలెక్కడానికి పుట్టిన ఆ బండి తన ఆయుష్షులో పెద్ద భాగం ఒక ఇంటి వెనక తలదించుకుని, ఇంజను ఆపుకుని, హైవే మీద దొర్లుతూ గడుపుతుంది. రెండో దేవత హోండా సీఆర్-వీ, అదీ 2014 దాకా వచ్చిన మోడళ్ళే. ఆ తరవాత గేర్‌బాక్సు రకం మారింది, కంపెనీ ఇక లాగొద్దంది. దాంతో కొత్త కారు షోరూములో ఉండగా, పాత కారు కోసం రాష్ట్రాలు దాటి వెళ్ళే జనం పుట్టారు. ఆ పాత సీఆర్-వీకి ఒక నిత్యానుష్ఠానం కూడా ఉంది. ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి, గేరు కడ్డీని అన్ని స్థానాల్లోకీ తిప్పి, 'డి'లో ఐదు సెకన్లు ఉంచి, న్యూట్రల్‌లోకి తెచ్చి, మూడు నిమిషాలు ఇంజనును అలాగే నడవనిచ్చి, ఆపి, తాళంచెవిని స్టీరింగ్ లాక్ పడని చోట వదిలెయ్యాలి. ఎనిమిది గంటలు దాటి లాగితే మళ్ళీ మొదటినుంచి. త్రికాల సంధ్య మానేసిన మనవాళ్ళు కూడా అమెరికాలో ఈ మూడు నిమిషాలూ వాచీ చూసుకుంటూ నిలబడతారు.

ఇక అద్వైతంలో ముఖ్య నియమం: వెనక్కి పోకూడదు. రివర్సు వేస్తే కారు ముందు చక్రాలు తమకు తోచిన వైపు తిరిగి అడ్డంపడతాయి, కడ్డీ వంగుతుంది, బేస్ ప్లేట్ వంగుతుంది. తోక విప్పితే తప్ప అరవై అడుగుల ఈ బండి ముందుకు మాత్రమే పోగలదు. దారి తప్పి గొందిలోకి వెళ్ళినా, పెట్రోలు బంకులో తప్పు వరసలోకి దూరినా అక్కడే దిగి, వెనక హారన్లు మోగుతుండగా కారు విప్పాలి. మలుపులో ఆగిన కారణంగా కడ్డీ మీద ఒత్తిడి ఉండి పిన్ను ఊడిరాదు. ఆయన రబ్బరు సుత్తి పట్టుకుని కొడుతుంటాడు. ఆవిడ కారులో కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పుతుంటుంది. నలభై ఏళ్ళ కాపురంలో దాచుకున్నవన్నీ ఆ ఐదు నిమిషాల్లో బంకువాళ్ళ ఎదుట బయటపడతాయి.

డాలీ మతం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బేస్ ప్లేట్ అక్కర్లేదు, ముందు చక్రాలతో నడిచే మామూలు కారైతే చాలు, పాత కామ్రీ కూడా పనికొస్తుంది. నాలుగు చక్రాలకూ శక్తి పోయే కారైతే పనికిరాదు. కారు ఎక్కించాలి, చక్రాలకు పట్టీలు బిగించాలి, వానలో అయితే మోకాళ్ళ మీద. వెనక్కి పోలేని శాపం దీనికీ ఉంది. క్యాంపు చేరాక ఖాళీ డాలీ ఎక్కడ పెట్టాలన్నది అదనపు శాపం. ఇచ్చిన స్థలంలో ఇల్లు పట్టాక కారే అంతంతమాత్రంగా పడుతుంది. ఆ డాలీ రాత్రిపూట ఎవరి మోకాలిచిప్పకో తగిలేదాకా అందరికీ అడ్డమే.

ట్రైలర్‌వాళ్ళది రాజమార్గం. ఏ కారునైనా ఎక్కించొచ్చు, దాని టైర్లు అరగవు, గేర్‌బాక్సు గొడవ లేదు, అలవాటుంటే వెనక్కి కూడా పోవచ్చు. కాకపోతే కారుతోపాటు సుమారు రెండువేల పౌన్ల ట్రైలర్‌ను కూడా మొయ్యాలి. కారును లాగడానికి పెట్టిన శక్తిలో మూడోవంతు, కారును లాగే వస్తువును లాగడానికే పోతుందన్నమాట.

బరువుల మాట వచ్చింది కనక చెబుతాను. ఇంటి వెనక కొక్కెం మీద 5,000 పౌన్లు అని అచ్చుకొట్టి ఉంటుంది. మనవాడు దాన్ని వేదవాక్కుగా తీసుకుంటాడు. ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్‌లో ఒక రకం ఉంది. దాని మీద కట్టిన ఇల్లు సామానుతో కలిపి 22,000 పౌన్లు దాటకూడదు. ఇల్లూ కారూ కలిపి 26,000 దాటకూడదు. ఇల్లు నిండా నింపితే వెనక మిగిలేది నాలుగు వేలే. కొక్కెం మీద ఎంత రాసినా ఇదే లెక్క. నాలుగు తలుపుల రాంగ్లర్ ఒంటి బరువే నాలుగు వేలు దాటుతుంది. ఇంకా ఇంటి ట్యాంకులో నీళ్ళున్నాయి, గాలన్‌కు 8.3 పౌన్ల చొప్పున. ఆవకాయ జాడీలూ, ఇనుప పెనాలూ, మనవళ్ళ సైకిళ్ళూ ఉన్నాయి. హైవే పక్కన ట్రక్కులు ఆగే చోట్ల కాటాలుంటాయి, కొద్ది డాలర్లిస్తే ముందు ఇరుసు ఎంత, వెనక ఇరుసు ఎంత, తోక ఎంత అన్నీ కాగితం మీద ఇస్తారు. లారీ డ్రైవర్లు తప్ప ఎవరూ వెళ్ళరు. మనవాడు లోపల బాత్రూములో ఒక కాటా పెట్టించుకుంటాడు, రోజూ దాని మీద ఎక్కి బెంగపెట్టుకుంటాడు. ఇల్లెంత ఉందో మాత్రం అడగడు.

ఇప్పుడు బ్రేకులు.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణమే ఇది, మిగతాదంతా పూర్వరంగం. మోటార్ హోమ్ బ్రేకులు తన బరువు హద్దు వరకూ తనను ఆపుకోవడానికి చేసినవి. వెనక కట్టిన నాలుగు వేల పౌన్లు దాని లెక్కలో లేవు. ఆ బరువుకు దాని బ్రేకు దానికుండాలని చాసిస్ చేసినవాళ్ళే రాసి ఇస్తారు. దానికి పరికరాలున్నాయి. కారు పెడల్ ముందు కూర్చుని, ముందున్న ఇల్లు ఆగగానే తానూ బ్రేకు తొక్కే పెట్టెలున్నాయి. కారులోనే శాశ్వతంగా బిగించేవీ ఉన్నాయి. కడ్డీ తెగి కారు విడిపోతే దానంతటదే బ్రేకు పట్టించే చిన్న మీట కూడా ఉంది. ఇదంతా కలిపి వెయ్యి డాలర్లు, మహా అయితే పదిహేను వందలు. మూడు లక్షల డాలర్ల ఇంట్లో, ఆ బ్రేకుకంటే ఎక్కువ ఖరీదు చేసే సోఫాలో కూర్చుని, ఆ పెద్దమనిషి ఏమంటాడో వినండి. 'నా ఇంజనుకు అదొక లెక్కా! వెనక కారుందన్న సంగతే నాకు తెలియదు.'

నిజమే, తెలియదు. అదే భయం. హ్యాండ్‌బ్రేకు దించడం మరిచిపోయి కారును లాగినవాడికి కూడా తెలియదు. డీజిల్ ఇంజను ఆ కారును నిమ్మళంగా ఈడ్చుకుపోతుంది, వెనక టైర్లు అరిగి, కాలి, పేలి, వట్టి చక్రం రోడ్డు గీకుతున్నా లోపల పాటలు వినిపిస్తూనే ఉంటాయి. పక్కనుంచి పోయేవాడు చెయ్యి ఊపితే ఈయన కూడా స్నేహంగా చెయ్యి ఊపుతాడు. లాగేటప్పుడు తెలియని బరువు ఆపేటప్పుడు మాత్రం చక్కగా తెలుస్తుంది, కొండ దిగేటప్పుడు మరీ బాగా తెలుస్తుంది. ఎదురుగా ఆగిన బడిబస్సుకు అందరికంటే బాగా తెలుస్తుంది.

బ్రేకు దగ్గర పిసినారితనం వచ్చేసరికి ఇంతవరకూ పుస్తకం తెరవని మనిషి న్యాయకోవిదుడైపోతాడు. మూడువేల పౌన్లు దాటితేనే బ్రేకుండాలని చాలా రాష్ట్రాల చట్టం. కొన్నిట్లో తక్కువకే కావాలి. ఆ చట్టం ట్రైలర్ గురించి మాట్లాడింది, నాది ట్రైలర్ కాదు, కారు అని వాదిస్తాడు. ఫలానా రాష్ట్రంలో పట్టుకోరు అంటాడు. కాలిఫోర్నియాలో వెనక ఏదైనా కట్టి లాగేవాడు గంటకు 55 మైళ్ళు దాటకూడదు, మొత్తం పొడవు 65 అడుగులు మించకూడదు అని చెబితే, కాలిఫోర్నియా చెడిపోయింది అంటాడు. ప్రభుత్వం తన స్వేచ్ఛలో వేలు పెడుతోందని బాధపడతాడు. చట్టంలో సందు వెతకడానికి పెట్టిన సాయంత్రాలకు గంటకు పది డాలర్లు కూలి కట్టుకున్నా బ్రేకు వచ్చేది.

మన తెలుగువాళ్ళు ఈ భాగ్యానికి కాస్త ఆలస్యంగా వచ్చారు. ఎల్లోస్టోన్ చూడ్డానికి అద్దెకు తీసుకుని, పులిహోర కలుపుకుని, కుక్కర్ మోగించుకుంటూ పోవడం వరకే ఉండేది. ఇప్పుడు మొదటి తరం సాఫ్ట్‌వేర్‌వాళ్ళు రిటైరవుతున్నారు. డాలస్ పక్క ఊళ్ళో ఉండే మా బావగారు ఒకటి కొనేశారు. ఇంటిముందు పెట్టుకుందామంటే ఆ కాలనీ సంఘం ఒప్పుకోదు. అందుకని దాన్ని పది మైళ్ళ అవతల నెలకింతని అద్దె కట్టి ఉంచారు. అద్దె ఇంట్లో ఉండడం విన్నాను గాని, ఇంటికే అద్దె కట్టి వేరేచోట ఉంచడం అప్పుడే విన్నాను. ఆయనకు టెస్లా ఉంది. టెస్లా చక్రాలు నేలమీద తిరిగితే మోటార్లు కరెంటు పుట్టిస్తాయి, బండి పాడవుతుంది. నాలుగు చక్రాలూ పైకెత్తి మోసుకుపోవాల్సిందేనని కంపెనీ పుస్తకమే చెబుతుంది. ఆ సంగతి నాకు ఫోనులో చెబుతూ ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు.

'అందుకని ఏం చెయ్యబోతున్నానో చెప్పు, ఏమోయ్?'

'ట్రైలర్ కొంటారా బావగారూ?'

'ట్రైలర్ వేస్తే బరువు దాటిపోతుందయ్యా. టెస్లా అమ్మేసి జీపు కొంటాను.'

'అప్పుడు కూడా బరువు దాటుతుందేమో చూశారా?'

'మంచినీళ్ళు నింపకుండా పోతాం.'

ఇల్లు లాగగలిగేలా కారు మారింది. కారు లాగగలిగేలా ఇంట్లో నీళ్ళు పోయాయి. ఇంకొన్నాళ్ళకు బరువు తగ్గించడానికి అల్లుణ్ణి దింపేస్తారు. అందరూ వాదించుకునే మూడు మతాల బయట నాలుగోదొకటి ఉందని, అది ఎవరి కేటలాగులోనూ ఉండదని ఆయనకు మనవి చేశాను. హైదరాబాద్‌లో సినిమా హీరోలకు కారవాన్లున్నాయి కదా, వాటి వెనక ఎవరైనా హీరోగారి కారు కట్టడం చూశారా? కారు వేరేగా వస్తుంది. డ్రైవరు తోలుకొస్తాడు. బేస్ ప్లేట్ లేదు, కడ్డీ లేదు, డాలీ లేదు. కారులో మనిషి ఉంటాడు, మనిషికి కాలుంటుంది, కాలికింద కారు సొంత బ్రేకుంటుంది. రివర్సు కూడా వస్తుంది. పెట్రోలుకు కొంచెం ఎక్కువవుతుంది, అంతే. మీకు డ్రైవరు లేకపోతే అక్కయ్యకు లైసెన్సు ముప్ఫై ఏళ్ళనుంచీ ఉంది, ఆవిడ మీకంటే బాగా తోలుతుంది అన్నాను.

బావగారు కాసేపు ఏమీ అనలేదు. మూడు మతాల గ్రంథాలూ చదివినవాడికి ఇంత సులువైన మోక్షం రుచించదు. ఈలోపు ఫోను పక్కనే ఉండి అంతా వింటున్న అక్కయ్య అందుకుంది.

'టెస్లా అమ్మక్కర్లేదు, నేను తోలుకొస్తాను. కాని ఈయన వెనక రాను. ఈయన యాభై ఐదు మైళ్ళ మీద పోతుంటే ఆ దుమ్ము తింటూ వెయ్యి మైళ్ళు రావడం నావల్ల కాదు. ముందే వెళ్ళిపోతాను.'

'వెళ్ళి ఏం చేస్తావ్? వంటిల్లు నా దగ్గరుంటుందిగా!' అన్నారు బావగారు, మొదటిసారి గట్టి పాయింటు దొరికినట్టు.

'ఊళ్ళో హోటల్లో గది తీసుకుని, భోంచేసి పడుకుంటాను. మీరా ఇల్లు తోలుకుంటూ నిదానంగా రండి.'